బాలెస్టియర్‌లో అత్తయ్య చెప్పిన మాట

నేను ఉద్యోగానికి సింగపూర్ వచ్చిన కొత్తలో, వన్-నార్త్‌లో మా ఆఫీసులోనే పనిచేసే ఒక అబ్బాయి నన్ను వాళ్ళమ్మకి చూపించడానికి ఆంగ్ మో కియోలో వాళ్ళ ఫ్లాట్‌కి తీసుకెళ్ళాడు. అతను నాతో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడేవాడు. వాళ్ళది తెలుగు కుటుంబమని చెప్పినా, మూడు తరాల కిందట వచ్చినవాళ్ళు కదా, పేరుకే తెలుగై ఉంటుందనుకున్నాను. తలుపు తీసినావిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఏటమ్మా, అలగ గుమ్మంలో నిలబడిపోనావు? లోనకి రా. మాకన్ అయిపోనాదా?" అంది.

మాకన్ అంటే ఇక్కడి మలయ్ మాటలో తిండి. ఆ ఒక్క ముక్క తీసేస్తే మిగతాదంతా మా విజయనగరం పక్క పల్లె మాట. మా తాతమ్మ పోయాక మా ఇంట్లో ఆ యాసలో నన్నెవరూ పలకరించలేదు. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. ఆ అబ్బాయిని పెళ్ళిచేసుకున్నాను కాని, ఆ ఇంటికి నన్ను ముందు కట్టిపడేసింది మాత్రం ఆవిడే.

అత్తయ్య పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లోనే. వాళ్ళ మామ్మ శ్రీకాకుళం వైపు ఏదో ఊరినుంచి ఓడెక్కి, మలయాలో చెరుకు తోటకి కూలికి వచ్చింది. తర్వాత ఎప్పుడో మొగుడితో కలిసి అక్కడినుంచి పారిపోయి సింగపూర్ చేరింది. అత్తయ్య తెలుగంతా ఆ మామ్మ దగ్గర నేర్చుకున్నదే. బడిలో చదివింది తమిళం, వీధిలో పలికింది మలయ్. తెలుగు అక్షరాలు ఆవిడకి రావు. మాట మాత్రం ఓడలో వచ్చింది వచ్చినట్టే ఉంది.

నాకు ముచ్చటగా ఉన్న ఆ మాట ఇక్కడి తెలుగువాళ్ళకి అలా ఉండేది కాదు. ఇక్కడి తెలుగు బృందం ఒకటి జరిపే పండగ కార్యక్రమాలకి నేను అత్తయ్యని తీసుకెళ్ళేదాన్ని. పక్కన కూర్చున్నవాళ్ళు ముందు మర్యాదగా, "ఏ ఊరు ఆంటీ మీది?" అని అడిగేవారు. "మాది ఈ ఊరేనమ్మా, ఇక్కడే పుట్టినాను" అని ఆవిడ అనగానే వాళ్ళ మొహాల్లో ఒక చిన్న తికమక కనిపించేది. ఆ తర్వాత మాట ఇంగ్లీషులోకి మారిపోయేది. ఆవిడ తెలుగులోనే జవాబు చెప్పేది, వాళ్ళు ఇంగ్లీషులోనే అడిగేవారు. కాసేపటికి ఆ పలకరింపు ముగిసేది. అత్తయ్య దాన్ని తప్పుగా తీసుకునేది కాదు. "సదువుకున్నోళ్ళు కదా, అలవాటు" అనేది.

అందుకే, ఆ తెలుగు బృందాన్ని నడిపే ఆవిడే స్వయంగా మా ఇంటికొస్తానని ఫోన్ చేసినప్పుడు అత్తయ్య హడావిడి అంతా ఇంతా కాదు. పొద్దున్నే పసార్‌కి వెళ్ళి, అంటే మా బ్లాకు కింది బజారుకి, రెండు సంచుల నిండా సరుకు మోసుకొచ్చింది. వచ్చినావిడది నా వయసే. మంచి తెలుగు మాట్లాడుతుంది, ప్రతి మాటా ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టు ఉంటుంది.

"ఉగాదికి ఒక వీడియో చేస్తున్నాం ఆంటీ. ఈ దేశంలో మనవాళ్ళ చరిత్ర మీద. దానికోసం ఒక పాత చెరుకుతోట ఉన్న చోటికి అందరం కలిసి వెళ్తున్నాం. బాలెస్టియర్ ఒకప్పుడు చెరుకు తోట, మీకు తెలుసా?"

"బాలెస్టియరా?" అత్తయ్య నవ్వేసింది. "నాను పుట్టినాది అక్కడే కదమ్మా. సెరుకేటి? అక్కడ సెరుకెక్కడున్నాది? దీపాల కొట్లున్నాయి."

"చాలా పూర్వం ఆంటీ. ఆ రోడ్డు పొడుగునా చెరుకేనట. మిల్లు కూడా ఉండేదట."

అత్తయ్య నవ్వు ఆగిపోయింది. వాళ్ళ నాన్న మున్సిపాలిటీలో కాలవలు కడిగే పని చేసేవాడు. ఆ పనివాళ్ళకిచ్చిన వరస ఇళ్ళు బాలెస్టియర్ రోడ్డు వెనకే ఉండేవి. మామ్మ పోయింది ఆ ఇంట్లోనే. అత్తయ్య ఆ సంగతులు చెప్పగానే వచ్చినావిడ మొహం వెలిగిపోయింది. "అయ్యో, ఇంతకన్నా ఏం కావాలి ఆంటీ! మీ మామ్మగారు చెరుకుతోట మనిషి, మీరు పుట్టింది చెరుకునేల మీద! మీరు రావాలి, అక్కడే నిలబడి ఆవిడ గురించి చెప్పాలి" అంది.

ఆవిడ వెళ్ళాక అత్తయ్య సోఫాలో కూర్చుని నాతో అంది: "సెరుకు నుంచి పారిపోయొచ్చి మళ్ళీ సెరుకు నేలమీదే పడుకున్నాదన్నమాట మా మామ్మ. తెలిసుంటే ఒక్క దినం ఉండీది కాదు."

అయినా చెప్పడానికి ఒప్పుకుంది. వారమంతా అదే ధ్యాస. వంట చేస్తూ చెప్పుకునేది, బట్టలు ఆరేస్తూ చెప్పుకునేది. ఏ చీర కట్టుకోవాలని నన్ను అడిగి, నేను చెప్పింది కాకుండా వేరేది తీసింది. మా ఆయన తల్లిని చూసి నవ్వుతూ, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో ఇంగ్లీషులో, "సూపర్‌స్టార్ అయిపోయింది లా" అన్నాడు. ఆ వారం ఆవిడ అంత సంతోషంగా ఉండడం చూసి, ఆయన కూడా మాతో వస్తానన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే బాలెస్టియర్‌లో దిగేసరికి అప్పటికే ఉక్క మొదలైంది. మా బృందం మొత్తం ఒకేరకం టీషర్టుల్లో ఉంది. పట్టపగలే దుకాణాల నిండా గాజు దీపాల గుత్తులు వెలుగుతున్నాయి. పక్కనే ఎక్కడో పంది ఎముకల చారు మరుగుతున్న మిరియాల వాసన. మా గైడు ఒక చైనీస్ అంకుల్, రిటైరైన టీచరు. నెమ్మదిగా, ఓపిగ్గా ఇంగ్లీషులో చెప్పాడు. ఒక దొర వచ్చి ఇక్కడి అడవి కొట్టించాడు, చెరుకు వేయించాడు, మిల్లు పెట్టించాడు. ఆశపడ్డట్టుగా జరగలేదు, తోట దెబ్బతింది, దొర వెళ్ళిపోయాడు. దొర ఇల్లు ఎలా ఉండేదో, ఆయన ఎన్ని కష్టాలు పడ్డాడో చాలాసేపు చెప్పాడు. చెబుతుంటే మావాళ్ళు కొందరు అయ్యో అన్నారు కూడా.

"మరి పనిచేసింది ఎవరు?" అని మా ఆయన అడిగాడు.

"కూలీలు లా. ఇక్కడ ఎక్కువగా చైనా నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళ గురించి పెద్దగా ఏమీ తెలీదు" అని గైడు రోడ్డు దాటడానికి సిగ్నల్ వైపు నడిచాడు. దొర కథకి అరగంట పట్టింది. కూలీల కథకి రోడ్డు దాటేంత సేపు కూడా పట్టలేదు. అందులో ఆ పెద్దాయన తప్పేమీ లేదు, ఆయనకి దొరికింది ఆయన చెప్పాడు. కాని నా పక్కన అత్తయ్య నా మోచెయ్యి పట్టుకున్న పట్టు బిగిసింది.

వరస ఇళ్ళున్న చోట ఇప్పుడు కార్ల పార్కింగు ఉంది. అత్తయ్య గోడ దగ్గరికి వెళ్ళి, అటూ ఇటూ నడిచి, ఒక తెల్లకారు వెనక ఆగింది. "ఇక్కడ. ఇదే మా ఇల్లు" అంది. బృందం నడిపే ఆవిడ ఫోన్‌ని కర్రకి బిగించి ఎదురుగా నిలబడింది. అందరూ చుట్టూ చేరారు.

అత్తయ్య మొదలుపెట్టింది. ఇంట్లో ఎన్నోసార్లు విన్నాను కాని, అలా నేను ఎప్పుడూ వినలేదు.

"మా మామ్మ సెప్పీది. సెరుకాకు కత్తిలాగుంటాది. సేతులు కోసీసీది. ఆవిడ సేతుల్నిండా గీతలే. మేం పిల్లలం పక్కలో పడుకుని ఆ గీతలమీద ఏలు రాసీవోళ్ళం. తొలిచూలు మగపిల్లడు పుట్టినాడు ఆ తోటలోనే. ఏడాది నిండలేదు. ఒకనాడు జొరం, ఒళ్ళు కాలిపోతన్నాది. ఇంటికాడుంటానంటే కంగాణి ఒప్పుకోలేదు. కూలోళ్ళని ఊళ్ళనుంచి తెచ్చి, ఆళ్ళమీద పెత్తనం సేసీవోడు కంగాణి. పిల్లడ్ని ఎత్తుకుపోయి గట్టుమీద గోనె పరిసి పడుకోబెట్టినాది. సెరుకు కొడతన్నాది, తిరిగి సూస్తన్నాది. కొడతన్నాది, సూస్తన్నాది. ఒక్కపాలి పాలిచ్చొస్తానయ్యా అని అడిగినాది. ఈ సెరుకు సాలు కొట్టడం అయ్యాక ఎల్లు అన్నాడు. సాలు అయ్యాక ఎల్తే పిల్లడు సల్లగున్నాడు."

పక్కనుంచి ఒక కారు నెమ్మదిగా బయటికి వెళ్ళింది. అత్తయ్య అది పోయేదాకా ఆగి, మళ్ళీ ఫోన్ వైపు చూసింది.

"ఆ కంగాణి తెల్లోడు కాదు. సీనావోడు కాదు. మనోడే. మా మామ్మ ఊరోడే. అన్నా అని పిలిసీది. నా సెల్లెల్లాగ సూసుకుంటానని ఆళ్ళమ్మతో సెప్పి ఓడెక్కించినోడే. పిల్లడు పోయినాడని ఏడిస్తే, మళ్ళీ పుడతార్లే, సాలు మీదకి నడు అన్నాడంట. దాన్నే మామ్మ మర్సిపోలేదు. సచ్చిపోయీదాకా అదే సెప్పీది. దొర ఎవడో నాను సూడలేదు, నా బిడ్డకి పాలియ్యనీనోడు మనోడే అని."

ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఫోన్ పట్టుకున్నావిడ గొంతు సవరించుకుని, "చాలా టచింగ్‌గా ఉంది ఆంటీ" అంది. "ఇంకొక్కసారి చెబుతారా? కొంచెం కుదించి. కొంచెం... మామూలు తెలుగులో. అందరికీ అర్థమవ్వాలి కదా. కంగాణి సంగతి వద్దులెండి, పెద్దదైపోతుంది."

"మామూలు తెలుగంటే?" అంది అత్తయ్య.

"అదే ఆంటీ. నాను అని కాకుండా, నేను అని."

అత్తయ్య నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే, "సరే" అని చీర కొంగు సర్దుకుంది. "నేను... నేను బాలెస్టియర్‌లో పుట్టినాను. పుట్టాను. మా మామ్మ సె... చెరుకు..." కొత్తగా బడిలో చేరిన పిల్ల పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో మాటకీ ఆగి, అవతలి మనిషి మొహం చూసి, తప్పు కాలేదని తేలాక రెండో మాట అంటోంది. పిల్లడి దగ్గరికి వచ్చేసరికి ఆ కొత్త తెలుగులో ఆవిడకి మాట దొరకలేదు. ఆగిపోయింది.

"నెవర్ మైండ్ లా, మా" అన్నాడు మా ఆయన. "యూ సెడ్ ఇట్ ఆల్రెడీ. ఎనఫ్."

"చాలు చాలు, చాలా బాగా వచ్చింది!" అంది ఆవిడ తేలిగ్గా. ఆ తర్వాత అందరం ఒక పాత దుకాణానికి వెళ్ళాం. పెసరపప్పు పూర్ణం కూరి కాల్చిన చిన్న గుండ్రటి బిళ్ళలు అమ్ముతారు అక్కడ. అత్తయ్య చేతిలో ఒకటి పెట్టి, "తింటూ ఒకసారి నవ్వండి ఆంటీ" అన్నారు. అత్తయ్య తిని నవ్వింది.

ఉగాది కార్యక్రమం ఒక అద్దె హాల్లో జరిగింది. అత్తయ్య మా బ్లాకులో ఉండే తన స్నేహితురాలిని, ఒక మలయ్ ముసలావిడని, వెంట తీసుకొచ్చింది. "నా వీడియో ఏస్తారు, సూద్దువుగాని" అని మలయ్‌లో వారం నుంచి ఊరిస్తోందట. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్క సీట్లో ఆ రోజు ఖర్చంతా పెట్టుకున్న పెద్దమనిషి కూర్చున్నాడు. ఆంధ్రా, తెలంగాణా పల్లెల నుంచి కుర్రాళ్ళని ఇక్కడి కట్టడం పనులకీ, ఓడల యార్డులకీ కుదిర్చి పంపే ఏజెన్సీ ఆయనది. అలా వచ్చిన కుర్రాళ్ళే కొందరు పొద్దుట్నుంచి కుర్చీలు మోసి, ఇప్పుడు హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. ముందు ఖాళీలున్నా వాళ్ళని ఎవరూ కూర్చోమనలేదు.

దీపాలు ఆర్పారు. తెరమీద బాలెస్టియర్ రోడ్డు, వేణువు. అత్తయ్య కనిపించగానే మలయ్ ఆవిడ చప్పట్లు కొట్టింది. తెరమీద అత్తయ్య పెదాలు కదులుతున్నాయి. గొంతు మాత్రం ఎవరో చిన్నమ్మాయిది, వార్తలు చదివినట్టు: "మా పూర్వీకులు చెమటోడ్చి ఈ నేలకు తీపిని పంచారు. కష్టాన్ని చిరునవ్వుతో జయించారు." వెనువెంటనే అత్తయ్య పూర్ణం బిళ్ళ కొరికి నవ్వడం. అక్కడితో అయిపోయింది.

ఆ నేలమీద పనిచేసింది ఎక్కువగా చైనావాళ్ళని గైడు మా అందరి ముందే చెప్పాడు, ఆ మాట తెరమీద లేదు. చనిపోయిన పిల్లవాడు లేడు. కంగాణి లేడు. చెప్పిన మనిషి గొంతూ లేదు. హాలంతా చప్పట్లు. అత్తయ్యని వేదికమీదకి పిలిచారు. పక్క సీటు పెద్దమనిషే లేచి ఆవిడ భుజాలమీద శాలువా కప్పాడు. ఆయనెవరో ఆవిడకి తెలీదు. చేతులు జోడించింది.

భోజనాల దగ్గర బృందం నడిపే ఆవిడని పట్టుకున్నాను.

"ఆవిడ గొంతు ఎందుకు తీసేశారు?"

"అర్థం చేసుకోండి. ఆ స్లాంగ్ సగంమందికి తెలీదు. సబ్‌టైటిల్స్ వేద్దామా అనుకున్నాం. తెలుగు కార్యక్రమంలో తెలుగుకి సబ్‌టైటిల్సేమిటి, ఆంటీకే అవమానం కదా అనిపించింది."

"మరి కంగాణి?"

ఆవిడ ఒకసారి వెనక్కి చూసుకుంది. ఆ పెద్దమనిషి కాస్త దూరంలో బొబ్బట్టు తింటున్నాడు. "ఆయన ముందు అది ఎలా వేస్తామండీ? ఆయన చేసే పని ఏమిటో మీకూ తెలుసు. పండగపూట వచ్చి తనమీదే వేశామనుకుంటే? అయినా నెగెటివ్‌గా ఎందుకు. ఆంటీ ఎంత హ్యాపీగా ఉన్నారో చూడండి."

చూశాను. అత్తయ్య ఒక్కతే కుర్చీలో కూర్చుని, శాలువా మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని, ఆకులో ఉన్నది ఒక్కటీ ముట్టుకోకుండా ఉంది. ఆ అసలు రికార్డింగైనా నాకు పంపమన్నాను. పంపుతానంది. మర్నాడు అడిగితే, ఫోన్‌లో చోటు లేక అప్పుడే తీసేశానని మెసేజ్ పెట్టింది, కింద చేతులు జోడించిన బొమ్మతో.

ఆ రోజు ఇంటికొచ్చే ట్రైన్‌లో అత్తయ్య మెల్లిగా, "నా గొంతు బాగోలేదేటమ్మా?" అని అడిగింది.

"బాగుందత్తయ్యా. చాలా బాగుంది."

"మరెందుకు తీసీసారు?"

ఆవిడ ఒళ్ళోని శాలువా తీసి నా సంచిలో పెట్టాను. మా ఆయన ఎదురుగా తలుపుకి ఆనుకుని నిలబడి నేలకేసి చూస్తున్నాడు. ఆయన తెలుగు మాట్లాడడం ఎందుకు మానేశాడో, చిన్నప్పుడు ఎవరేం అన్నారో నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నేనూ అడగలేదు.

ఆ తర్వాత మార్పు ఒక్కసారిగా రాలేదు. ముందు ఇంటికి తెలుగువాళ్ళెవరైనా వస్తే, "కమ్, సిట్, మాకన్ ఆల్రెడీ?" అని వంటింట్లోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఫోన్‌లో పలకరించినా ఇంగ్లీషే. వాళ్ళకి అదే సుఖంగా ఉన్నట్టుంది, ఎవరూ అడగలేదు. తర్వాత నాతో కూడా మాట సగంలో ఆగి సరిచేసుకునేది. "నాను... నేను పసార్‌కి ఎల్లొచ్చా... వెళ్ళొచ్చాను." వినలేక ఒకరోజు గట్టిగానే అన్నాను: "అత్తయ్యా, నా దగ్గర మీరు ఎప్పటిలా మాట్లాడండి. నేను రికార్డ్ చేసుకుంటాను. మామ్మ కథ మొత్తం మళ్ళీ చెప్పండి. ఎవరూ తీసేయరు."

"వద్దు" అంది. బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు. "నువ్వూ ఆ పక్క పిల్లవే కదా. మీ ఊళ్ళో అందరూ నా లాగే మాట్లాడతారని నువ్వే సెప్పినావు. మరి నువ్వెందుకు అలగ మాట్లాడవు?"

"కాలేజీ హాస్టల్లో చేరిన మొదటి రోజు ఏటి అన్నానని గదంతా నవ్వారత్తయ్యా. నాలుగేళ్ళూ నన్ను ఏటి అనే పిలిచారు."

ఆవిడ చేట కింద పెట్టి నా మొహంలోకి చూసింది. జాలి పడుతుందనుకున్నాను.

"ఆళ్ళు నవ్వితే సదువుకునేటప్పుడే మానీసినావు. నాను డెబ్బయ్యేళ్ళు దాటీదాకా మానలేదు. మనిద్దరిలో ఎవరికి ఎక్కువ నష్టమైనాదే ఇప్పుడు?" అని, మళ్ళీ చేట అందుకుంది. కాసేపటికి తనే అంది: "తోటలో కొట్టినా మా మామ్మ మాట మారలేదు. అది నాకిచ్చిపోనాది. నాను ఎవరికియ్యను?"

నాకు ఇమ్మందామనుకున్నాను. కాని నా నోట్లోంచి ఆ మాట ఏ తెలుగులో వస్తుందో నాకే తెలీలేదు.

ఇప్పుడు సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి అత్తయ్య బ్లాకు కింద బల్ల దగ్గర తన మలయ్ స్నేహితురాలితో కూర్చుని ఉంటుంది. దూరంనుంచే ఆవిడ గొంతు వినిపిస్తుంది. మలయ్‌లో పెద్దగా మాట్లాడుతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు, ఎవరి మొహమూ చూసుకోదు. నన్ను చూడగానే గొంతు తగ్గించి, "ఆఫీస్ ఫినిష్ ఆల్రెడీ?" అంటుంది. అయిపోయిందత్తయ్యా అని చెప్పి, నేను లిఫ్ట్ వైపు నడుస్తాను.